కుక్క బువ్వ పంచాయితీ

లాల్‌దర్వాజా,
బుధవారం

అన్నకు చెల్లె రాస్తున్నది.

మూడు రోజులుగా ముసురు. కొట్టంలో నీళ్లు ఎత్తిపోసి, పాలు పిండి హోటళ్లకు పంపి ఇప్పుడే కూర్చున్నాను.

కొడుకులు వేరు పడుతున్నారని, ఈ ఆదివారం వచ్చి ఆపమని నీకు ఫోన్లో చెప్పాను. కారణం చెప్పడానికి అప్పుడు సిగ్గేసింది. గొడవంతా కుక్క తిండి గురించి.

పెద్దవాడు బాలరాజ్ దానికి పచ్చి మాంసమే పెట్టాలంటాడు. చిన్నవాడు నందు, పచ్చిది రోగాలు తెస్తుందని ప్యాకెట్ గింజలు పోస్తాడు.

"అడవిల తోడేలుకు ప్యాకెట్ ఎవడు చింపిచ్చిండురా?"

"నువ్వు అడవిల ఉన్నవా అన్నా? లాల్‌దర్వాజాల ఉన్నవ్."

మాంసం కొట్టు దస్తగీర్‌ను అడిగాను. "నా దుకాణం కాడి కుక్కలు ఏదేస్తే అది తింటయి అమ్మా. పథ్యం నీ కొడుకులకు పెట్టు" అన్నాడు.

గల్లీ పెద్దలు కూర్చుని పొద్దున పచ్చిది, సాయంత్రం గింజలు అని తీర్పు చెప్పారు. ఒకడు పెట్టింది ఇంకొకడు పారబోశాడు. కుక్క రెండు రోజులు పస్తులుంది. దాని తిండి గురించి ఇద్దరూ ఫోన్లో గంటలు చదువుతారు. నాకు షుగరని డాక్టర్ రాసిచ్చిన చీటీ ఏడాదిగా గూట్లోనే ఉంది, ఒక్కడూ చదవలేదు.

ఇక నువ్వు రానక్కర్లేదు. కుక్కను నాకే వదిలేశారు, అద్దె ఇళ్లలో కుక్కలను ఉండనివ్వరట. బాలరాజ్ వాళ్లు సోమవారం పొద్దున వెళ్లారు. నందు వాళ్లు నిన్న సాయంత్రం వెళ్లారు.