అదే మందు, వేరే రంగు

మంగళవారం

ఒళ్లు ఇంకా మండిపోతానే ఉంది. మాచర్లలో జనరిక్ మందుల షాపు చుట్టూ చానాసార్లు తిరిగితే గానీ అత్తకి బీపీ బిళ్లలు దొరకలా. నిన్న దొరికాయి. ఎప్పుడూ ఎర్రగా ఉండేవి ఈసారి తెల్లగా ఉన్నాయి. అడిగితే షాపాయన, "మందు అదేనమ్మా, కంపెనీ మారింది" అన్నాడు. ఇంటికొచ్చి అత్తకి అదే చెప్పా. తలూపింది.

ఊపిందే గానీ ఒక్కటీ వేసుకోలా. ఆమె లెక్కలో తెల్లబిళ్లంటే జరానికి. పొద్దున పక్కింటి మస్తాన్‌బీ పిన్ని ఒళ్లు వెచ్చగా ఉందంటే, మజ్జిగ పోసినంత తేలిగ్గా రెండు బిళ్లలు తీసి చేతిలో పెట్టింది. మధ్యాహ్నానికి పిన్ని కళ్లు తిరిగి గడపలోనే కూలబడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. బీపీ బాగా పడిపోయిందంట, రేపటిదాకా అక్కడే ఉంచమన్నారు.

వచ్చి అత్త మీద అరిచా. "ఏంది అత్తా, ఎవరికన్నా ఇచ్చేముందు నన్నొక మాట అడగొచ్చుగా?"

"రంగు మార్చినోళ్లని ఒక్క మాటనవు, నా మీద ఎగురుతావేందే?" అంది.

అట్ట మీద పేరు ఇంగ్లీషులో, చీమ తలకాయంత ఉంది. కళ్లద్దాలు పెట్టుకున్నా నాకే సరిగ్గా కనపడలా. చదువురాని ఆమెకి బిళ్ల రంగే దాని పేరు. వచ్చే నెల ఇంకే రంగొస్తుందో, ఎవర్ని అడగాలో...

చివరికి ఎదురుగా కూర్చోబెట్టి తెల్లబిళ్ల మింగించా. గుటుక్కున మింగింది. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, "మరి నా బీపీ బిళ్ల ఎప్పుడిస్తావే?" అంది.