మంగళవారం సముద్రం

15 మార్చి 2016, మంగళవారం. బాలి.

మోకాళ్ల లోతు సముద్రంలో నిలబడ్డ ఫొటో ఇంటికి పంపాను. పది నిమిషాల్లో మార్కాపురం నుంచి అత్త ఫోన్ చేసింది.

"మంగళవారం పూట సముద్రాన్ని ముట్టుకుంటారా ఎవరన్నా? పున్నమికో అమాసకో గదా దిగేది! నీ మరిది పోయింటే ఇట్ల చేసేవాడా?"

అదీ అసలు కడుపుమంట. కొట్లో కూర్చుని పెయింట్లు అమ్మింది నేను. ఎక్కువ అమ్మినందుకు పెయింట్ల కంపెనీ ఈ టూర్ ఇచ్చింది నా పేరు మీద. నా బదులు వెళ్లాలని పెట్టె సర్దుకున్నది మాత్రం మరిది; పట్టుబట్టి విమానం ఎక్కింది నేను. ఫోన్లో వెనక మా ఆయన దగ్గు వినిపించింది.

పొద్దున ఇక్కడి ఆడవాళ్లు కొబ్బరాకు బుట్టల్లో పూలు తెచ్చి, ఇసుకలో పెట్టి దండం పెట్టుకున్నారు. రిసార్టులో పనిచేసే అమ్మాయిని అడిగితే, రోజూ పెడతామంది.

"రేపు గూడా దిగుతా, అత్తా" అని ఫోన్ పెట్టేశాను. ఇక ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నా మీదికే తోస్తారు. తోయనీ.

రాష్ట్రం కొత్తదైనా మా వీధికి నీళ్లు ట్యాంకర్‌లోనే వస్తున్నాయి. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ దాని వెనక బిందెతో పరిగెత్తుతున్నాను. ఆ నీళ్లు ముట్టుకునేటప్పుడు, ఇవాళ ఏ వారమని ఒక్కరూ అడగలేదు.