కిర్రుమన్న గాజు

జూన్ 3

ఇవాళ కూడా అతుక్కోలేదు. అమ్మాయి గాజు స్లైడ్‌ని నీళ్లలో ముంచగానే తెల్లటి పొడంతా జారి అడుక్కి దిగిపోయింది. అమ్మాయి అంటే మా ల్యాబ్‌లో రీసెర్చ్ చేసే పిల్ల. నేను గాజు సామాను కడుగుతాను. ఇరవై రెండేళ్లయింది.

ఆ పొడిలోని కంటికి ఆనని స్ఫటికాలను గాజు మీద ఇటుకల్లా పేర్చాలట. మధ్యలో లింకర్ అని ఒక మందు. దానికి రెండు చేతులట. ఒకదానితో గాజును, ఇంకోదానితో స్ఫటికాన్ని పట్టుకుంటుందట. కూర్చోబెట్టి చెప్పింది. ఇన్నేళ్లలో నాకెవరూ ఏదీ చెప్పలేదు.

జూన్ 8

లేదు.

జూన్ 10, ఉదయం 11

గోడ కట్టమంటే ఇసుక పోస్తున్నావేంటమ్మా అని పెద్దసారు అందరి ముందూ అన్నారు. ఇరవయ్యో తేదీన పరిశోధన చూసే కమిటీ వస్తుంది. ఆలోపు ఒక్క స్లైడైనా నిలవకపోతే ఆమె పని ఆపేస్తారు. మూడేళ్ల పని.

లింకర్ సీసా మార్చింది. ఇది నాలుగోది. తాతా, ఇంకాస్త బాగా కడుగుతావా అని అడిగింది. తల ఊపాను. యాసిడ్‌లో నానబెట్టి, నీళ్లతో కడిగి, ఒక్కోదాన్నీ బొటనవేలితో రుద్ది చూశాను. కిర్రుమంటే శుభ్రం. గ్లవ్స్ ఉంటే ఆ చప్పుడు రాదు. అందుకే తీసేస్తాను.

జూన్ 14

ఒక స్లైడ్‌కి సగం మేర అతుక్కుంది! అమ్మాయి గంతేసింది. మిగతా సగం బోడిగా ఉండడం చూసి కూలబడింది. తనే ఎక్కడో ముట్టుకుని ఉంటానంది. నా చేతులే మంచివి కావు తాతా అంది.

ఆ స్లైడ్ నాకు గుర్తుంది, అంచున చిన్న పెచ్చు ఊడింది. దాన్ని రుద్దుతుండగా పెద్దసారు పిలిచారు. సగమే రుద్దాను.

రుద్దిన సగమే బోడి.

నా వేలి జిడ్డు.

జూన్ 15

చెప్పలేదు.

జూన్ 16

అన్నం కెలుకుతున్నానని మా ఆవిడ నిలదీసింది. చెప్పాను. ఆ మాటేదో ఆ పిల్లకే చెప్పొచ్చుగా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అంది. ఏ మొహం పెట్టుకుని చెప్పను అన్నాను. ఉన్న ఆ ఒక్క మొహంతోనే అంది.

జూన్ 17

రెండుసార్లు ఆమె బల్ల దాకా వెళ్లాను. ఏంటి తాతా అంది. టీ తెమ్మంటావా అన్నాను. ఆమె సొరుగు ఖాళీ చేస్తోంది. పుస్తకాలన్నీ అట్టపెట్టెలోకి వెళ్లిపోయాయి.

జూన్ 18, ఉదయం 9

మళ్లీ ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను. కడిగిన గాజు తీసి, ఆమె ముందే వేలితో రుద్దాను. కిర్రుమంది. నవ్వింది. నవ్వుతూనే గ్లవ్స్ లేని నా వేలి వంక చూసి ఆగిపోయింది.

ఎప్పటినుంచి తాతా అంది.

మొదటి రోజు నుంచి అన్నాను.

తల బల్ల మీద పెట్టుకుంది. మూడేళ్లు తాతా అంది, అంతే. తిట్టినా బాగుండేది. తర్వాత లేచి, గ్లవ్స్ తొడుక్కుని, తనే గాజు కడిగే తొట్టి దగ్గరికి వెళ్లింది.

జూన్ 20

అతుక్కున్నాయి. ఆరుకి ఆరు, కమిటీ కళ్ల ముందే.

సంగతి తెలిసి, నన్ను లోపలికి రావద్దన్నారు పెద్దసారు. తలుపు అద్దంలోంచి చూశాను, చేతులు వెనక్కి కట్టుకుని.