బుజ్జిగాడి నమ్మకం

ఏవండీ,

రేపటికి మీరు పోయి ఏడాది. ఇంట్లో ఇక నేనూ బుజ్జిగాడే. బడిలో వంట పనికి కుదిరేను. నేను తాళం వేసి వెళ్లగానే వాడు తలుపు గీరి గీరి గోళ్లు రక్తాలు చేసుకునేవాడు. "మీరొచ్చేదాకా మీ కుక్క ఒకటే ఏడుపండీ, వినలేకపోతున్నాం" అన్నారు పక్కింటి సుబ్బలక్ష్మిగారు.

ఆటోలో అమలాపురం తీసుకెళ్లి పశువుల డాక్టరుగారికి చూపించేను. "రోగమేం లేదమ్మా. కాసేపు బయటికెళ్లి వచ్చేయండి. రోజూ కొంచెం ఎక్కువసేపు ఉండండి. వెళ్లినవాళ్లు తిరిగొస్తారని దానికి నమ్మకం కుదరాలి" అన్నారు. ఆయ్ అని తలూపేను గానీ, దారంతా ఏడుపాగలేదు. ఆ రోజు ఆసుపత్రికని బస్సుకి బయల్దేరుతూ మీరూ వాడి తల నిమిరి, "సాయంత్రానికి వచ్చేస్తాన్రా" అనే కదా వెళ్లేరు.

అయినా నేర్పేను. మొదట కుళాయి దాకా వెళ్లొచ్చేదాన్ని, తర్వాత కాలవ వంతెన దాకా. రెండు నెలలకి, బడి నుంచి నేనొచ్చేదాకా అరవకుండా ఉండటం అలవాటైంది.

ఇవాళ నేను తలుపు తీయగానే తోకూపుకుంటూ వచ్చేడు. నా చెయ్యి నాకి, నన్ను దాటుకుని వీధిలోకెళ్లి, బస్సొచ్చే వైపు తిరిగి కూర్చున్నాడు. నేను నేర్పింది నమ్మేడండీ. నేనొచ్చేను కాబట్టి, ఇక మీరూ వస్తారనుకుంటున్నాడు.

దీపాలు పెట్టే వేళైంది. ఎంత పిలిచినా లోపలికి రావట్లేదు. ఏం చెప్పి తీసుకురానండీ వాణ్ణి?