సోమవారానికో తప్పు

"వంతు" యాప్ కంపెనీ యాజమాన్యం వారికి, పళ్ల ఆసుపత్రి రిసెప్షన్ బల్ల దగ్గర ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్న ఆవిడ నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని అలవాటు కొద్దీ రాస్తున్నాను గానీ, ఇక్కడ కుశలమేమీ లేదు. హ్యాకథాన్ అనే రెండు రోజుల పోటీలో మీ యాప్‌కి మొదటి కప్పు వచ్చిందని పేపర్లో చూసి, మా డాక్టరుగారు ముచ్చటపడి ఆసుపత్రిలో పెట్టించారు. పేషెంట్లు ఇంట్లోనే కూర్చోవచ్చు, వంతు రాగానే ఫోన్‌కి కబురు వెళ్తుంది అన్నారు. వెళ్లింది. మొన్న ఎనభై మూడేళ్ల రిటైర్డు డ్రాయింగు మాస్టారికి ఇలా వెళ్లింది: "మీ సమయం వచ్చేసింది. బయలుదేరండి."

ఆయన ముగ్గురు కూతుళ్లనీ పిలిపించుకున్నారు. పెద్దల్లుడితో పదకొండేళ్లుగా మాటల్లేవు, వాటేసుకుని క్షమించేశారు. తీరా అది దవడ పన్ను సంగతని తెలిశాక మళ్లీ మాటలు మానేశారు. చిన్న కూతురు నాకు ఫోన్ చేసి, "మా నాన్న సంగతి మాకంటే ముందు మీకెవరు చెప్పారండీ?" అని ఒకటే ఏడుపు.

మీ యాప్‌లో ఫిర్యాదు చేసే చోటు వెతికి వెతికి విసిగిపోయి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
ముందు బల్ల.

తా.క.: మాస్టారు ఇవాళ వచ్చి పన్ను పీకించుకున్నారు. "ఇంతేనా?" అని కాస్త నిరాశగా అడిగారు.

*

గౌరవనీయులైన ముందు బల్ల గారికి,

మీ ఉత్తరాన్ని మా ఫిర్యాదుల విభాగం స్వీకరించి, సాంకేతిక విభాగానికి పంపింది. నాణ్యతా విభాగం ఆమోదముద్ర వేసింది. ఇకపై "మీ ముందు ఎవరూ లేరు, రావచ్చు" అనే కబురు మాత్రమే వెళ్తుంది.

ఇలాంటి చిన్నాచితకా పనులు చూసుకోవడానికి మా దగ్గర మనుషులున్నారు. నేను దూరం చూసేవాణ్ణి. వచ్చే ఏడాది విమానాశ్రయాలు. ఆ పై ఏడాది అంతరిక్ష నౌకలు. చంద్రుడి మీద క్యూ ఉండదని ఎవరు చెప్పగలరు?

భవదీయుడు,
డైరెక్టరు, సమస్త విభాగాలు.

తా.క.: జవాబు ఆలస్యమైనందుకు మన్నించాలి. స్టాంపులు తెచ్చే విభాగానికి జలుబు చేసింది.

*

డైరెక్టరు గారికి నమస్కారాలు.

"మీ ముందు ఎవరూ లేరు" అన్న మీ కబురు నిన్న పదిన్నరకి ఒకేసారి పంతొమ్మిది మందికి వెళ్లింది. పంతొమ్మిది మందీ వచ్చారు. మాకున్నవి ఎనిమిది కుర్చీలు. బుగ్గ వాచిపోయి మాట రాని ఒకాయన ఫోన్ ఎత్తి చూపిస్తూ పోట్లాడాడు. "నా ఫోన్లో కూడా అదే ఏడిసింది, కూర్చోవయ్యా!" అని ఇంకొకావిడ కసిరింది. ఎక్కడ కూర్చుంటాడు పాపం? డాక్టరుగారు తలుపు తీసి చూసి, చడీ చప్పుడు లేకుండా మళ్లీ వేసేసుకున్నారు.

చంద్రుడి సంగతి తర్వాత చూద్దాం. నేను ప్రతి సోమవారం ఒక్క తప్పు రాస్తాను. శుక్రవారం సాయంత్రానికి మీరు ఆ ఒక్కటీ బాగుచెయ్యాలి. రెండోదాని జోలికి వెళ్లకూడదు. ఈ కుర్చీలో కూర్చున్న కొత్తలో నేను పంటి నొప్పి పేషెంటుని గడ్డం గీసే షాపుకి పంపినదాన్ని. వారానికొకటి చొప్పున దిద్దుకుంటూ వచ్చాను.

ఇట్లు,
ముందు బల్ల.

తా.క.: ఈసారి జవాబు మీరు రాయకండి. పనిచేసేవాళ్లెవరైనా ఉంటే వాళ్లతో రాయించండి.

*

అమ్మా, నమస్కారం. సాంకేతిక విభాగం నుంచి రాస్తున్నాను.

తప్పు దొరికింది. పోటీ రోజున పేషెంటుగా నేనొక్కణ్ణే కూర్చుని పరీక్షించాను. అప్పుడు నా ముందు నిజంగానే ఎవరూ లేరు. జడ్జీలు చప్పట్లు కొట్టారు. ఇంకో పేషెంటు ఉంటే ఏమవుతుందని వాళ్లూ అడగలేదు, నాకూ తట్టలేదు.

గురువారానికి బాగుచేసి, శుక్రవారం వచ్చి మీ ఆసుపత్రి ఎదురు మెట్ల మీద కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరే వెళ్లారు. కప్పు అందుకున్నప్పుడు కూడా నాకు అంత హాయిగా అనిపించలేదు. వచ్చే సోమవారం తప్పు కోసం ఎదురుచూస్తుంటాను.

విధేయుడు,
సాంకేతిక విభాగం.

తా.క.: డైరెక్టరు గారు రేపు ఇంకో హ్యాకథాన్‌కి వెళ్తున్నారు. దాహం వేస్తే పాట పాడే పూలకుండీ తయారుచేస్తారట.

*

సాంకేతిక విభాగం బాబుకి ఆశీస్సులు.

ఏడు సోమవారాలు ఏడు తప్పులు రాశాను. ఏడూ శుక్రవారం దాటకుండా దిద్దావు. ఫోన్ లేని ముసలావిడ కోసం పక్కింటివాళ్లకి కబురు వెళ్లేట్టు చేశావు. నొప్పికి తాళలేక వచ్చినవాళ్లని ముందుకి జరిపే మీట పెట్టావు. ఇప్పుడు మా వరండాలో ఎవరూ నన్ను తినేసేలా చూడటం లేదు. చల్లగా ఉండు నాయనా.

ఇక మీ డైరెక్టరు. డాక్టరుగారికి రంగుల కాగితం ఒకటి పంపాడు: "త్వరలో! రిసెప్షన్ బల్ల అక్కర్లేని ఆసుపత్రి!" డాక్టరుగారు అది నా ఎదురుగానే చదివి, బల్ల వైపు చూశారు. "ఇది తీసేస్తే ఇంకో పేషెంటు కుర్చీ పడుతుందే!" అన్నారు. టేపు తెచ్చి కొలిచారు కూడా. రెండో కొస నేనే పట్టుకున్నాను.

ఈ బల్ల మీది పని నీకు ఒక్కొక్కటే చెప్పింది నేను. అదంతా పట్టుకెళ్లి నన్నే లేపెయ్యమంటాడా? వాణ్ణి ఉద్యోగంలోంచి పీకెయ్యండి. లేకపోతే వచ్చే సోమవారం నుంచి నా ఉత్తరాలు బంద్.

ఇట్లు,
ఇంకా ఉన్న ముందు బల్ల.

తా.క.: పీకడానికి ఇబ్బందేమైనా ఉంటే చెప్పు. మా దగ్గర మత్తు ఇంజెక్షన్ ఉంది.

*

అమ్మా,

డైరెక్టరుని పీకేశాను. మత్తు ఇవ్వలేదు. బాగా నొప్పెట్టింది, ఎందుకంటే ఆ డైరెక్టరు నేనే. ఫిర్యాదుల విభాగమూ నేనే. జలుబు చేసింది కూడా నాకే. జిరాక్సు షాపు పైన ఒక గది, ఒక బల్ల, ఒక కప్పు, నేను. పోటీలో ముగ్గురం. మిగతా ఇద్దరూ కప్పుతో ఫొటో దిగి ఉద్యోగాలకి వెళ్లిపోయారు.

ఆ రంగుల కాగితం రాస్తున్నప్పుడు బల్ల అన్నది బల్లలాగే కనిపించింది. వెనక మీరున్నారని బుర్రకి తట్టలేదు. సిగ్గుతో వెంటనే జవాబు రాయలేకపోయాను. మీరు ఉత్తరం రాయని రెండు సోమవారాలూ పోస్ట్‌మ్యాన్ కోసం మా గది మెట్ల మీదే కూర్చున్నాను. ఏం దిద్దాలో తోచక, బాగున్నవాటిని దిద్దబోయి రెండు పాడుచేశాను. బల్ల తీసేస్తే యాప్ కూడా తీసేస్తానని డాక్టరుగారికి నిన్న విడిగా రాశాను.

"ఒక్క ఆసుపత్రిని పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావురా? నెలాఖరుకి బావ ఆఫీసులో చేరిపో," అంటోంది అక్క. బావ ఇన్సూరెన్సు ఆఫీసు నడుపుతాడు. అప్పుడే నాకు టై కూడా కొనేశాడు. ఈలోగా మిగిలిన తప్పులన్నీ ఒకేసారి రాసి పంపండి. దిద్దేసి వెళ్తాను.

ఇట్లు,
అన్ని విభాగాలూ పోగా మిగిలినవాడు.

తా.క.: పూలకుండీ పాడలేదు. కారింది. దానిక్కూడా మూడో బహుమతి ఇచ్చారు.

*

మిగిలినవాడికి ఆశీస్సులు.

నువ్వొక్కడివేనని మొదటి శుక్రవారమే అనుకున్నాను. నలుగురున్న ఆఫీసులో పని అంత త్వరగా ఎక్కడ అవుతుంది?

నీ ఉత్తరం చూసి డాక్టరుగారు కంగారుపడ్డారు. "యాప్ ఉండాలమ్మా, మీరూ ఉండాలి," అన్నారు. "నేనుండనండీ," అన్నాను. ఆయన నమ్మలేదు. కాగితం మీద రాసిచ్చాక నమ్మారు.

కోపంతో చేసిన పని కాదు. నేను నీకు రాయని ఆ రెండు సోమవారాలూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేదు. మా వీధిలో కళ్ల ఆసుపత్రి, ఎముకల ఆసుపత్రి, చెవుల ఆసుపత్రి, ఇలా అన్నిటి ముందు బల్లల దగ్గరా ఆడవాళ్లమే. టీ వేళకి మందుల షాపు అరుగు మీద కలుస్తాం. చెవుల ఆసుపత్రి ఆవిడకి రోజంతా పేర్లు అరిచి అరిచి గొంతే పోయింది. నా ఫోన్లో యాప్ చూపిస్తే లాక్కుని మళ్లీ ఇవ్వలేదు. యాప్ పెట్టించుకోవడానికి మొత్తం తొమ్మిది బల్లలు ఒప్పుకున్నాయి. అందరూ కలిసి ఒక్కటే షరతు పెట్టారు: కంపెనీ డైరెక్టరుకి ముందు బల్ల వెనక కూర్చున్న అనుభవం ఉండాలట.

ఆ ఉద్యోగం ఖాళీ అయిందని నువ్వే రాశావు. దరఖాస్తు పెట్టుకున్నాను. మా అరుగు మీదే ఇంటర్వ్యూ జరిగింది. తగిన మనిషినేనని తేలింది. నిన్ను అడగలేదేమని అనుకోకు, సాంకేతిక విభాగం వాళ్లని ఇలాంటివాటికి పిలవరు.

వచ్చే సోమవారం తొమ్మిదింటికి వస్తాను. గదిలో ఇంకో బల్ల వెయ్యి. కాస్త వెలుతురున్న వైపు.

ఇట్లు,
నీ డైరెక్టరు.

తా.క.: టై పారెయ్యకు. మీ బావగారి ఆఫీసులో యాప్ పెట్టించడానికి వెళ్లేటప్పుడు కట్టుకుందువుగాని.