వేపాకు కిరీటం

నౌపడ,
12-2-1968

మరిది జగన్నాధం మాస్టారికి, కంచె బయట నిలబడ్డ వదిన రాస్తున్నది.

మీ స్కూల్లో గ్రీకు ఉత్సవం ఘనంగా జరిగింది, సంతోషం. పూర్వం ఆ దేశంలో పెళ్లయిన ఆడవాళ్లు పోటీలు చూడటమే నేరమట కదా, మమ్మల్ని గేటు దగ్గరే ఆపించావు. పరుగు పందాలు కనబడలేదు గానీ, మైకులో నువ్వు చదివిన పద్యం బాగానే వినబడింది. "తప్పులు దిద్ది తెస్తాను, ఇలగియ్యి వదినా" అని దసరాకి పట్టుకెళ్లావే, ఉప్పుమళ్ల మీద నేను రాసిన పద్యం, అదే అది. ఒక్క అక్షరం దిద్దలేదు. ఏది తప్పో తెలిస్తే కదా, పాపం!

ఆ పద్యానికి మొదటి బహుమతి కూడా నీకేనట. "గెలిచినోళ్లకి గ్రీకులు పెట్టే ఆలివాకు మనకెక్కడ దొరుకుతాది, వేపాకుతో కిరీటం అల్లిపెట్టు వదినా" అన్నావని నేనే అల్లి పంపాను. అది నీ కళ్ల మీదకి జారిపోయిందని పిల్లలు నవ్వుకుంటున్నారు.

జారదా మరి? నా తల కొలతకి అల్లాను.