పాత కంప్యూటర్లో వ్యాను వైరింగ్

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బళ్ల రిపేరు వివరాలున్నాయని నువ్వు తెచ్చిపెట్టిన సీడీని పొద్దున మన షెడ్డులోని పాత కంప్యూటర్లో ఎక్కించాను. రెండుసార్లు మధ్యలో ఆగి, మూడోసారి తెరుచుకుంది.

అంతలో రెడ్డిగూడెం రైతొకాయన, మామిడికాయలతో దారిలో ఆగిపోయిన వ్యానుని ట్రాక్టరుతో లాగించుకొచ్చాడు. దాని వైరింగ్ బొమ్మ కంప్యూటర్లో దొరికింది. పక్కనున్న ఇంగ్లీషే అర్థం కాలేదు. నువ్వు చదివి చెబితేనే కదా నేను చేసేవాణ్ణి!

మధ్యాహ్నానికి ఆయన, "ఏంటయ్యా, అవుద్దా?" అన్నాడు.

"నా వల్ల కాదండీ."

కాయ మెత్తబడుతోందని మళ్లీ తాడు కట్టించి మైలవరంలో ఇంకో మెకానిక్ దగ్గరికి లాక్కెళ్లాడు. తిట్టినా బాగుండేది. నువ్వు లేకపోతే నాకు పని రాదని ఊరంతటికీ ముందే తెలుసేమో. నాకొక్కడికే తెలియలేదు.